బౌద్ధ ధ్యాన శిబిరాల్లో మీ అనుభవానికి తగినదాన్ని ఎంచుకోవడం ఎలా

పది రోజుల మౌన శిబిరాల్లో రెండో రోజు సాయంత్రానికో, ఆరో రోజు ఉదయానికో సంచి సర్దుకుని వెళ్ళిపోయేవారు ఒకరిద్దరు కనిపిస్తుంటారు. సేవకుడిగా వెళ్ళిన శిబిరాల్లో అలాంటివారితో మాట్లాడవలసి వచ్చినప్పుడల్లా నాకు ఒకటే అనిపించేది. వారికి ధ్యానం సరిపడకపోవడం అసలు కారణం కాదు. అంతకుముందు ఒక్క పూట కూడా మౌనంగా గడపకుండా నేరుగా పది రోజులకు వచ్చారు, అడగవలసిన సందేహాలను ఎవరినీ అడగలేకపోయారు. ఇంకొందరి పరిస్థితి దీనికి పూర్తిగా భిన్నంగా ఉంటుంది. వారు ఏళ్ళ తరబడి వారం వారం సామూహిక ధ్యానానికి వెళుతూనే ఉంటారు కానీ, కొన్ని రోజులపాటు విడవకుండా కూర్చుంటే సాధన ఎంత లోతుకు వెళుతుందో చూడకుండానే ఉండిపోతారు. రెండు సందర్భాల్లోనూ జరిగిన పొరపాటు ఒకటే: తమ అనుభవమెంతో, ఆ శిబిరం కోరేదెంతో పక్కపక్కన పెట్టి చూసుకోకపోవడం.

ముందు మీ అనుభవాన్ని అంచనా వేసుకోండి

అనుభవాన్ని ఏళ్ళతో కొలిస్తే లెక్క తప్పుతుంది. ఫోన్‌లో వినిపించే సూచనలను అనుసరిస్తూ మూడేళ్ళుగా రోజూ 20 నిమిషాలు కూర్చుంటున్న వ్యక్తి, ఏ సూచనా వినిపించని హాలులో గంటసేపు కూర్చోవలసి వచ్చినప్పుడు దాదాపు కొత్తవారితో సమానమే. అందుచేత మూడు విషయాలను నిజాయితీగా చూసుకోవాలి. ఎవరి సూచనా లేకుండా ఎంతసేపు కూర్చోగలుగుతున్నారు, ఆ అలవాటు గత మూడు నెలలుగా తెగకుండా సాగిందా అన్నది మొదటిది. ఫోను, పుస్తకం, మాట ఏదీ లేకుండా ఒక పూర్తి రోజు ఎప్పుడైనా గడిపారా అన్నది రెండోది. సాధనలో భయమో దుఃఖమో పైకి తేలినప్పుడు అడగడానికి మీకంటూ ఒకరు ఉన్నారా అన్నది మూడోది. నా దృష్టిలో ఈ మూడింటిలోనూ చివరిదే ముఖ్యం, ఎక్కువమంది చూసుకోనిదీ అదే.

ఒక రోజు మౌనం గడిపారో లేదో తెలియకపోతే ఇంట్లోనే ప్రయత్నించవచ్చు. సెలవు రోజున ఉదయం 6 నుంచి సాయంత్రం 6 వరకు ఒక గంట కూర్చోవడం, అరగంట నడవడం అన్న క్రమాన్ని పాటించి చూడండి. మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో మీ మనసు ఏం చేస్తుందో గమనిస్తే, ఏ శిబిరానికి దరఖాస్తు చేయాలన్న ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

వారం వారం జరిగే సామూహిక ధ్యానాలు

శిబిరాల కంటే ముందు వీటి గురించి చెప్పడం అవసరం, ఎందుకంటే శిబిరం ఏడాదికి ఒకసారి వస్తుంది, సామూహిక ధ్యానం యాభై సార్లు వస్తుంది. అయితే ఒక్కొక్క సంప్రదాయంలో దీని స్వభావం ఒక్కొక్క విధంగా ఉంటుంది. జపాన్ నుంచి వచ్చిన జెన్ సంప్రదాయపు బృందాల్లో మాట తక్కువ. ఒక్కొక్కటి అరగంట నుంచి 40 నిమిషాల వరకు సాగే కూర్చునే భాగాలు రెండో మూడో ఉంటాయి, వాటి మధ్య కిన్‌హిన్ అనే నడక ధ్యానం ఉంటుంది. సోతో శాఖలో గోడకు ఎదురుగా కూర్చుంటారు. ఎలా కూర్చోవాలో ముందుగా చెప్పే పరిచయ తరగతిని చాలా జెన్ కేంద్రాలు విడిగా నిర్వహిస్తాయి కాబట్టి, దానికి హాజరు కాకుండా నేరుగా సాయంత్రపు బృందంలో చేరితే అయోమయం తప్పదు. విపశ్యన, అంటే శరీరంలోనూ మనసులోనూ జరిగేదాన్ని ఉన్నదున్నట్టు గమనించే సాధన, చేసే బృందాల్లో కూర్చోవడం తరువాత బోధకుడి ప్రసంగమూ ప్రశ్నలూ ఉంటాయి గనుక, సందేహాలు ఎక్కువగా ఉన్న కొత్తవారికి అవి అనుకూలం. వియత్నాం జెన్ గురువు తిచ్ నాట్ హాన్ సంప్రదాయానికి చెందిన బృందాల్లో గంట మోగినప్పుడల్లా అందరూ చేస్తున్న పనినీ మాటనూ ఆపి శ్వాసను గమనిస్తారు, కలిసి నడుస్తారు, ఆపైన వలయంగా కూర్చుని తమ అనుభవాలను ఒకరితో ఒకరు పంచుకుంటారు. ఎవరూ మధ్యలో సలహా ఇవ్వరు. టిబెటన్ కేంద్రాల్లో మంత్ర పఠనం, మనసులో బుద్ధుడి లేదా దేవత రూపాన్ని భావించడం, గ్రంథ అధ్యయనం ఎక్కువ. నిశ్శబ్దం కోసమే వెళ్ళినవారు అక్కడ కొంత నిరాశపడవచ్చు. ధ్యానం వెనుక ఉన్న ఆలోచనను క్రమంగా అర్థం చేసుకోవాలనుకునేవారికి మాత్రం అంత సమృద్ధిగా మరోచోట దొరకదు.

ఇక్కడ చాలామందికి తెలియని ఒక నియమాన్ని చెప్పాలి. విపశ్యన ఆచార్యుడు ఎస్. ఎన్. గోయెంకా పద్ధతిలో వారం వారం జరిగే సామూహిక సాధనలు, విపశ్యన సాగే ఒక రోజు శిబిరాలు పాత సాధకులకే పరిమితం, అంటే ఆ పద్ధతిలో ఒక పది రోజుల శిబిరాన్ని పూర్తి చేసినవారికే ప్రవేశం ఉంటుంది. ఆ మార్గంలో మొదటి మెట్టే ఎత్తైనది. మిగిలిన సంప్రదాయాల్లో చిన్నదానితో మొదలుపెట్టి పెద్దదానికి వెళతారు, ఇక్కడ పెద్దదానితో మొదలుపెట్టి చిన్నవాటితో దాన్ని నిలబెట్టుకుంటారు. రెండు క్రమాలకూ తగిన కారణాలు ఉన్నాయి, కానీ ఏ క్రమంలోకి అడుగుపెడుతున్నారో తెలిసి అడుగుపెట్టాలి.

ఏ బృందాన్నైనా ఒక్కసారి వెళ్ళి తేల్చేయకండి. మొదటిసారి కొత్తదనమే మనసును ఆక్రమిస్తుంది, రెండోసారి లోపాలు కనిపిస్తాయి, మూడోసారికి గానీ అసలు కూర్చోవడం మొదలుకాదు.

గోయెంకా శిబిరమా, మహాసీ శిబిరమా

రెండింటినీ విపశ్యన అనే పిలుస్తారు, రెండూ బర్మా నుంచే వచ్చాయి, అందువల్ల ఒకదానికి బదులు ఇంకొకటి చాలని చాలామంది అనుకుంటారు. లోపలికి వెళితే అవి బాగా వేర్వేరు. గోయెంకా తన గురువు సయాజీ ఊ బా ఖిన్ వద్ద నేర్చుకున్న పద్ధతిని 1969లో భారతదేశానికి తెచ్చారు. మహారాష్ట్రలోని ఇగత్‌పురిలో ఉన్న ధమ్మగిరి కేంద్రంలో 1976 నుంచి శిబిరాలు జరుగుతున్నాయి. తెల్లవారుజామున 4 గంటలకు గంట మోగుతుంది, రోజుకు దాదాపు పది గంటలు ధ్యానం సాగుతుంది. మొదటి మూడున్నర రోజులు ముక్కు దగ్గర శ్వాసను గమనించే ఆనాపాన సాధన, నాలుగో రోజు మధ్యాహ్నం నుంచి తల మొదలు కాలి వేళ్ళ వరకు శరీరంలోని సంవేదనలను వరుసగా గమనించే సాధన ఉంటాయి. ఆ తరువాత రోజుకు మూడుసార్లు జరిగే గంట గంట సామూహిక సాధనల్లో కళ్ళు తెరవకుండా, చేతులు, కాళ్ళు కదపకుండా కూర్చోవడానికి ప్రయత్నించాలి. దాన్ని అధిష్ఠానం అంటారు. సూచనలు, సాయంత్రపు ప్రవచనాలు రికార్డుల ద్వారా వినిపిస్తాయి. శిబిరాన్ని నడిపే సహాయ ఆచార్యులను మధ్యాహ్న భోజనం తరువాతా, రాత్రి ప్రవచనం అయ్యాకా కలిసి ప్రశ్నలు అడగవచ్చు, అయితే అడగడం సాధకుడి బాధ్యతే. పదో రోజు ఉదయం మౌనం ముగిసి, అందరి మేలు కోరే మైత్రీ ధ్యానం నేర్పుతారు.

బర్మా భిక్షువు మహాసీ సయడా పద్ధతి రూపం ఇది కాదు. 1949 నుంచి ఆయన రంగూన్‌లోని కేంద్రంలో బోధించిన ఈ విధానంలో ఊపిరి తీసుకున్నప్పుడు పొట్ట పైకి లేవడం, వదిలినప్పుడు తగ్గడం ప్రధాన ఆలంబనం, అంటే మనసును నిలిపే ఆధారం. ఏది అనుభవానికి వస్తే దాన్ని మనసులో ఒక చిన్న మాటతో గుర్తించాలి: వినిపిస్తే ‘వినడం’, నొప్పి వస్తే ‘నొప్పి’, ఆలోచన వస్తే ‘ఆలోచన’. గంటసేపు కూర్చోవడం, గంటసేపు నడవడం ఒకదాని తరువాత ఒకటిగా రోజంతా సాగుతాయి. మిగిలిన పనులన్నీ కూడా నెమ్మదిగానే చేయాలి. నీళ్ళ గ్లాసును అందుకోవడంలో చేయి చాపాలనే ఉద్దేశం, చాపడం, తాకడం, చల్లదనం తెలియడం, పట్టుకోవడం, ఎత్తడం వేర్వేరుగా కనిపించేంత నెమ్మదిగా చేయమంటారు. ఈ నెమ్మది మొదటి రెండు రోజులు నటనలాగా తోస్తుంది, మూడో రోజు నుంచి చేయి ఎత్తడానికి ముందే దాని వెనుక ఉన్న కోరిక కనిపించడం మొదలవుతుంది. అన్నింటికీ మించి, ఈ సంప్రదాయంలో బోధకుడితో ముఖాముఖి రోజూ గానీ రోజు విడిచి రోజు గానీ తప్పనిసరిగా ఉంటుంది. సాధకుడు ఆ రోజు ఏం గమనించాడో చెప్పాలి, బోధకుడు దాన్ని బట్టి దిద్దుతాడు.

ఎంపిక విషయానికి వస్తే నా అభిప్రాయం ఇది. నియమబద్ధమైన దినచర్య, స్పష్టమైన ఒకే సూచన, ఇతర ఆలోచనలకు తావివ్వని చట్రం ఉంటే తప్ప నిలకడగా కూర్చోలేనివారికి గోయెంకా శిబిరం గట్టి పునాది వేస్తుంది. ఎక్కువసేపు కదలకుండా కూర్చోవడానికి శరీరం సహకరించనివారికీ, తమ అనుభవాన్ని ఎవరికైనా చెప్పుకుంటూ ముందుకు సాగాలనుకునేవారికీ మహాసీ విధానం మేలు, ఎందుకంటే అక్కడ సగం కాలం నడకలోనే గడుస్తుంది. నా మొదటి పది రోజుల శిబిరంలో అధిష్ఠానం మొదలైన రోజున నలభై నిమిషాలు దాటాక కుడి మోకాలిలో నొప్పి నిప్పులా రాజుకుంది. పళ్ళు బిగించి గంట పూర్తిచేశాను, ఆ రోజంతా గమనించిందంటూ ఏమీ లేదు, కేవలం ఓర్చుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం సహాయ ఆచార్యుడిని అడిగితే, ‘అధిష్ఠానం శిక్ష కాదండీ, నొప్పిని చూడగలిగినంతసేపు చూడండి, చూడలేనప్పుడు నెమ్మదిగా కాలు సర్దుకోండి’ అన్నారు. ఆ రెండు మాటలు మిగిలిన ఐదు రోజులనూ మార్చివేశాయి. అడగకపోయి ఉంటే బహుశా ఆరో రోజు నేనూ సంచి సర్దుకునేవాడినేమో.

మిగిలిన సంప్రదాయాలు

1975లో జోసెఫ్ గోల్డ్‌స్టీన్, షారన్ సాల్జ్‌బర్గ్, జాక్ కార్న్‌ఫీల్డ్ అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో స్థాపించిన ఇన్‌సైట్ మెడిటేషన్ సొసైటీ వంటి కేంద్రాల్లో వాతావరణం కాస్త మృదువుగా ఉంటుంది. కూర్చోవడానికీ నడవడానికీ సమాన ప్రాధాన్యం ఇస్తారు, రాత్రిపూట ప్రత్యక్షంగా ప్రసంగం ఉంటుంది, బోధకులు చిన్న బృందాలుగానో ఒక్కొక్కరినో పిలిచి మాట్లాడతారు. రెండు మూడు రోజుల వారాంతపు శిబిరాల నుంచి, అనుభవజ్ఞులకే ఉద్దేశించిన మూడు నెలల శిబిరం వరకు మెట్లు మెట్లుగా ఉండడం ఈ కేంద్రం ప్రత్యేకత. మైత్రీ భావనకే పూర్తిగా కేటాయించిన శిబిరాలు కూడా ఇలాంటి చోట దొరుకుతాయి. తమను తాము నిందించుకునే స్వభావం బలంగా ఉన్నవారు విపశ్యన కంటే ముందు మైత్రితో మొదలుపెట్టడం మంచిదని నేను గట్టిగా నమ్ముతాను.

జెన్ సంప్రదాయంలోని దీర్ఘ శిబిరాన్ని సెషిన్ అంటారు. అది సాధారణంగా ఐదు నుంచి ఏడు రోజులు సాగుతుంది. బుద్ధుని జ్ఞానోదయానికి గుర్తుగా డిసెంబరు 1 నుంచి 8 వరకు జరిగే రోహత్సు సెషిన్ అన్నింటిలోకీ కఠినమైనదని పేరు. రింజాయ్ శాఖలో కోఆన్ అనే, తర్కానికి అందని ప్రశ్నను పట్టుకుని గురువు ఎదుట పదే పదే నిలబడవలసి ఉంటుంది. ఆ సమావేశం ఒక్కోసారి నిమిషం కూడా ఉండదు. గురువు చిన్న గంట మోగిస్తే లేచి వెళ్ళిపోవలసిందే. సోతో శాఖలో ఊరికే కూర్చోవడమే సాధన, పట్టుకోవడానికి ఆధారం ఏదీ ఇవ్వరు. రెండింటిలో ఏదైనా కొత్తవారికి నేరుగా సిఫారసు చేయను. కొన్ని నెలలు వారపు బృందంలో కూర్చుని, ఒక రోజంతా సాగే జాజెన్‌కాయ్‌కి ఒకటి రెండుసార్లు వెళ్ళి, ఆపైన సెషిన్‌కు వెళ్ళడమే సరైన వరుస.

ఫ్రాన్స్‌లో తిచ్ నాట్ హాన్ 1982లో నెలకొల్పిన ప్లమ్ విలేజ్, దాని శాఖా విహారాలు కుటుంబంతో కలిసి రావడానికి వీలు కల్పిస్తాయి. అక్కడి వేసవి శిబిరాల్లో పిల్లలకు వేరుగా కార్యక్రమాలు ఉంటాయి, మౌనం రాత్రి నుంచి ఉదయం ఫలహారం వరకు మాత్రమే కచ్చితంగా పాటిస్తారు. చిన్నపిల్లల తల్లిదండ్రులు ‘పిల్లలు పెద్దయ్యాక చూద్దాం’ అని ఏళ్ళు వాయిదా వేయడం చూస్తుంటాను. వారికి ఇంతకంటే అనువైనది నాకు తెలియదు. అయితే కొన్నేళ్ళుగా గాఢమైన మౌనానికి అలవాటుపడినవారికి అక్కడి పాటలూ మాటలూ సందడిగా అనిపించవచ్చు.

టిబెటన్ సంప్రదాయంలో శిబిరం అనే మాటకు రెండు అర్థాలు ఉన్నాయి. నేపాల్‌లోని కోపన్ విహారంలో ఏటా నవంబరులో జరిగే నెల రోజుల శిబిరం, ధర్మశాల సమీపంలోని తుషిత కేంద్రంలో జరిగే పరిచయ శిబిరాలు బోధననూ ధ్యానాన్నీ కలిపి నడిచేవి. కొత్తవారు నిస్సంకోచంగా చేరవచ్చు. రెండో రకం పూర్తిగా వేరు. అభిషేకం, అంటే ఒక సాధన చేయడానికి గురువు ఇచ్చే దీక్ష, పొంది, లక్ష సాష్టాంగ ప్రణామాలు మొదలైన పూర్వాంగ సాధనలు చేసి, గురువు అనుమతితో చేసే ఏకాంత సాధన అది. మూడేళ్ళ మూడు నెలల దీర్ఘ ఏకాంతం దాని పతాక స్థాయి. గురువుతో అంత సంబంధం ఏర్పడకముందే ఆసక్తి కొద్దీ అభిషేకాలు తీసుకుంటూ పోవడం వల్ల మేలు జరగదు, ఎందుకంటే అభిషేకంతో పాటు నిలబెట్టుకోవలసిన ప్రతిజ్ఞలు కూడా వస్తాయి.

థాయ్ అరణ్య సంప్రదాయ విహారాలను శిబిరాలుగా భావించకూడదు. ఈ సంప్రదాయపు గురువు అజాన్ చా 1975లో విదేశీయుల కోసం థాయ్‌లాండ్‌లో నెలకొల్పిన వాట్ పా నానాచాట్‌లో గానీ, ఇంగ్లండ్‌లోని అమరావతి విహారంలో గానీ అతిథిగా ఉండేవారు అష్టశీలాన్ని, అంటే ఎనిమిది నియమాలను, పాటిస్తూ భిక్షువుల దినచర్యలో భాగం పంచుకుంటారు: ఊడ్చడం, వంటింట్లో సాయం, ఉదయ సాయంత్ర పఠనాలు, మిగిలిన సమయమంతా స్వంత సాధన. గంట గంటకూ ఏం చేయాలో చెప్పేవారు ఉండరు కాబట్టి, స్వయంగా సాధన నడుపుకోగలిగినవారికే ఇది ఫలిస్తుంది.

బౌద్ధ శిబిరం కాకపోయినా జాన్ కబాట్-జిన్ 1979లో రూపొందించిన ఎనిమిది వారాల మైండ్‌ఫుల్‌నెస్ తరగతిని కూడా ఇక్కడ చెప్పుకోవాలి. ఒక పూర్తి రోజు మౌనం అందులో భాగంగా ఉంటుంది. దీర్ఘ శిబిరానికి ఇది మంచి ముందస్తు తయారీ. ఇంటి నుంచే పాల్గొనే ఆన్‌లైన్ శిబిరాలు కూడా ఆ ఒక్క రోజు మౌనాన్ని నేర్చుకోవడానికి చాలు, అంతకుమించి వాటి నుంచి ఆశించడం కష్టం. ఇల్లు ఇల్లుగానే ఉంటుంది.

దరఖాస్తుకు ముందు అడగవలసినవి

‘అందరికీ అనుకూలం’ అని రాసి ఉన్న ప్రకటనను నమ్మి ఒకసారి ఒక కేంద్రానికి వెళ్ళాను. ఏడు రోజుల్లో బోధకుడితో మాట్లాడే అవకాశం ఒక్కసారి కూడా రాలేదు; పక్కన కూర్చున్న యువకుడు నాలుగో రోజు నుంచి నిద్రపోలేదని, తిండి తినలేదని ఎవరూ గమనించలేదు. అప్పటి నుంచి ఏ శిబిరానికైనా ముందుగా ఉత్తరం రాసి రెండు ప్రశ్నలు అడుగుతున్నాను: బోధకుడితో వ్యక్తిగతంగా ఎన్నిసార్లు మాట్లాడవచ్చు, సాధకుడికి మానసికంగా ఇబ్బంది కలిగితే ఏం చేస్తారు. ఈ రెండింటికీ సూటిగా జవాబు ఇవ్వని చోటికి, దాని పేరు ఎంత గొప్పదైనా, వెళ్ళను.

మానసిక అనారోగ్య చరిత్ర ఉన్నవారు, ఇటీవల ఆత్మీయులను పోగొట్టుకున్నవారు, పాత గాయాలు ఇంకా మానని వారు ఈ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. దీర్ఘ మౌనం లోపల ఉన్నదాన్ని పైకి తెస్తుంది. దాన్ని అందుకోవడానికి తగిన చేయి లేకపోతే మేలు కంటే కీడు జరగవచ్చు. తీవ్రమైన మానసిక రుగ్మతలు ఉన్నవారికి తమ శిబిరాలు తగవని గోయెంకా కేంద్రాలు ముందే చెబుతాయి, దరఖాస్తులో ఆరోగ్య వివరాలు అడుగుతాయి. ఆ గడిలో నిజం దాచడం సరికాదు, శిబిరం కోసం మందులు మానడం అంతకంటే ప్రమాదకరం. వైద్యుడితో మాట్లాడి, ముందు ఒక రోజు, తరువాత వారాంతం అన్నట్టుగా సాగితే ఈ మార్గం వారికీ మూసుకుపోదు.

ఖర్చు విషయంలో రెండు పద్ధతులు ఉన్నాయి. గోయెంకా శిబిరాల్లో బోధనకు గానీ, వసతికి గానీ రుసుము లేదు. శిబిరం పూర్తి చేసినవారి నుంచి మాత్రమే దానం స్వీకరిస్తారు. ఇన్‌సైట్ తరహా కేంద్రాల్లో వసతికి రుసుము తీసుకుని, బోధకులకు దానాన్ని సాధకుడి ఇష్టానికి వదిలేయడం ఎక్కువగా కనిపిస్తుంది. సహాయ నిధి ఉందేమో అడగడానికి మొహమాటపడనవసరం లేదు. డబ్బు కంటే ముఖ్యంగా చూడవలసింది శీలం. బోధకుడికి బోధించే అనుమతి ఎవరిచ్చారు, ఆయనపై ఫిర్యాదు వస్తే వినేవారు ఎవరు అన్నవి బహిరంగంగా చెప్పని సంస్థలో, ఎంత లోతైన బోధ జరుగుతున్నా, మనసును పూర్తిగా అప్పగించడం క్షేమం కాదు.

ఇంతవరకు ధ్యానమే చేయనివారు మూడు నెలలు వారపు బృందానికి వెళ్ళి, ఒక రోజు శిబిరం, ఆపైన వారాంతపు శిబిరం చేస్తే, ఏడాది తిరిగేసరికి పది రోజులకు సిద్ధంగా ఉంటారు. తొందర ఉన్నవారు, ఆరోగ్యం బాగున్నవారు నేరుగా పది రోజులకు వెళ్ళినా తప్పు లేదు, కాకపోతే సందేహం వచ్చిన రోజునే అడగాలి. రెండు మూడు దీర్ఘ శిబిరాలు ఒకే పద్ధతిలో పూర్తిచేసినవారు మరో పద్ధతి వైపు చూడవచ్చు. అంతకుముందే ఏటా ఒక కొత్త సంప్రదాయాన్ని రుచి చూస్తూ పోతే ప్రతిచోటా మొదటి మూడు రోజుల కష్టమే దక్కుతుంది, నాలుగో రోజు తరువాత వచ్చేది ఎక్కడా అందదు.

తేదీలు ఎంచుకునేటప్పుడు, శిబిరం ముగిసిన మర్నాడే ఉద్యోగానికి వెళ్ళవలసి వచ్చేలా పెట్టుకోకండి. రోజుల మౌనం తరువాత వీధి చప్పుడు కూడా పెద్దగా వినిపిస్తుంది, ఇంట్లోవారి మామూలు మాటలకే కళ్ళు చెమర్చవచ్చు. కనీసం రెండు రోజులు ఖాళీగా ఉంచుకోండి. దరఖాస్తు పంపిన రోజునే, తిరిగి వచ్చిన వారంలో జరిగే సామూహిక ధ్యానం ఎప్పుడో, ఎక్కడో కూడా తెలుసుకుని రాసిపెట్టుకోండి.